మూడుసార్లు కలిపిన పేక

కెంజెతాయ్ ఏ పని ముగించినా అరచేతులు రెండూ ఒకసారి తట్టి, వేళ్లు చాచి, ముందూ వెనకా తిప్పి చూపిస్తాడు. భోజనం ముగించినా అంతే, కారు టైరు మార్చినా అంతే. మామగారిని ఖననం చేసిన రోజున గోతిలో మూడు పిడికిళ్ల మట్టి వేసి పక్కకి జరిగి, అక్కడా అదే పని చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చూసుకున్నారు. అతని భార్య బగిలా సిగ్గుతో చచ్చిపోయింది.

కేసినోలో పేక పంచేవాడు బల్ల వదిలి లేచేటప్పుడు నెత్తిమీది కెమెరాకి అలా చేతులు చూపించాలి. నేనేమీ పట్టుకుపోవడం లేదని దాని అర్థం. పన్నెండేళ్లపాటు రోజుకి ఇరవైసార్లు చేసిన పని ఊరికే వదులుతుందా? ఆ ఉద్యోగానికే ఇంకో నియమం కూడా ఉంది. ప్యాంటు జేబులు కుట్టేయించుకోవాలి. ఉద్యోగం పోయి పదకొండేళ్లయినా కెంజెతాయ్ కొత్త ప్యాంటు కొన్నప్పుడల్లా ముందు సూదీ దారం తెమ్మంటాడు. ఇంటి తాళాలు, ఫోను, చిల్లర అన్నీ బగిలా సంచిలోనే ఉంటాయి. ఆమె ఊళ్లో లేకపోతే అతను గుమ్మం బయట నిలబడాల్సిందే.

కేసినోల ఊరు కప్చగాయ్‌కి కొత్త పేరు పెట్టి కొంతకాలమైంది గానీ ఊళ్లో ఎవరి నోరూ ఇంకా తిరగలేదు. అల్మాటీ నుంచి వచ్చే రోడ్డు మీద, చెరువు గాలి ఎప్పుడూ మొహాన కొట్టే చోట, కెంజెతాయ్ దంపతులకి పొగబెట్టిన చేపలు అమ్మే బండి ఉంది. ఆ బండి పక్కన బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ పొద్దు పుచ్చేవాళ్లు నలుగురైదుగురు. వాళ్లలో నోరు ఎక్కువున్నవాడు టాక్సీ తోలే తాస్‌బులాత్.

"తూకం వేశావుగా, చేతులు చూపించు కెంజె," అనేవాడు రోజూ.

కెంజెతాయ్ చూపించేవాడు.

"మరి ఏమీ లేదంటావు. కానీ పొగ ఉందంటే ఎక్కడో నిప్పున్నట్టే కదా?" అని తాస్‌బులాత్ చేపల పొగపెట్టె వైపు చూసి నవ్వేవాడు. బెంచీ అంతా నవ్వేది. పదకొండేళ్లుగా అదే మాట, అదే నవ్వు. ఒక్కసారైనా కొత్త మాట పుట్టించలేని సోమరిపోతులు.

నిప్పు సంగతేమిటంటే, ఒక శుక్రవారం మధ్యాహ్నం జరిగిన వ్యవహారం. కెంజెతాయ్ పోకర్ బల్ల మీద పేక పంచుతున్నాడు. బూడిదరంగు కోటు వేసుకున్న ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. అతను ఎక్కువ మాట్లాడలేదు, తాగలేదు. మూడు గంటలు చిన్న చిన్న పందేలు కాశాడు. ఉన్నట్టుండి ఒక ఆటలో ముందున్న పందెం బిళ్లలన్నీ తోసేశాడు. బల్ల మీద పరచిన చివరి ముక్క ఆసు పడింది. అతనికి కావలసింది అదే. మరో రెండు ఆటల తర్వాత మళ్లీ అలాగే తోశాడు, మళ్లీ కావలసిన ముక్కే పడింది. సాయంత్రానికి ఆరుసార్లు అలా జరిగింది. ఆ మనిషి బిళ్లలు మార్చుకుని, కోటు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ పూట బల్లలన్నిటికీ పెద్ద యెర్‌దౌలెత్. కెంజెతాయ్‌కి పేక పట్టడం నేర్పింది అతనే. పేకని రెండు కట్టలు చేసి, బొటనవేళ్లతో అంచులు విదిలిస్తూ ఒకదానిలోకి ఒకటి దూర్చడం. అలా మూడుసార్లు కలిపి ఒకసారి కోసి, నలభై సెకన్లలో ముగించడం. గడియారం చేత్తో పట్టుకుని నేర్పాడు. కెంజెతాయ్ ముప్ఫై ఒక్క సెకన్లలో ముగించేవాడు. 'నా తమ్ముడి వేళ్లు' అని యెర్‌దౌలెత్ అందరికీ చెప్పుకునేవాడు. ఇద్దరూ కలిసి చేపలు పట్టేవారు, ఒకరి పిల్లల పండగలకి ఇంకొకరు గొర్రెను కోసేవారు.

ఆ శుక్రవారం కెమెరా బొమ్మలు నాలుగుసార్లు తిప్పి చూశారు. ఏమీ కనబడలేదు. అప్పుడు యెర్‌దౌలెత్ తలుపు మూసి, తగ్గు గొంతుతో ఒకే ఒక్క మాట అడిగాడు.

"కెంజె, నిజం చెప్పు. ముక్కలు నువ్వే పెట్టావా?"

"లేదన్నా."

యెర్‌దౌలెత్ కిటికీ వైపు తిరిగాడు. మర్నాడు కెంజెతాయ్‌ని పనిలోంచి తీసేశారు, కారణం 'అనుమానం' అని రాశారు. ఆ ఒక్క మాటతో ఊళ్లో ఉన్న కేసినోలన్నీ తలుపులు వేసుకున్నాయి. దొంగ అని రుజువైతే శిక్ష పడి, అది ఒకనాటికి తీరిపోతుంది. అనుమానానికి గడువు లేదు. యెర్‌దౌలెత్ ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు. రెండు భవనాల అవతలే ఉంటూ, చేపలు కావలిస్తే బస్సెక్కి పక్క ఊరి బండికి పోయేవాడు.

*

రెండేళ్ల కిందట కొడుకు బెక్జాత్, తండ్రికి పొద్దుపోవడానికని ట్యాబులో పోకర్ ఆట పెట్టి ఇచ్చాడు. డబ్బుతో పని లేదు. ఉత్తుత్తి బిళ్లలు, అయిపోతే మర్నాడు మళ్లీ ఇస్తారు. కెంజెతాయ్ మొదట వద్దన్నాడు. తర్వాత పట్టుకున్నవాడు మళ్లీ దించలేదు. అయితే అతను ఆడటం తక్కువ, చూడటం ఎక్కువ. నాలుగో రోజుకే మొహం చిట్లించాడు.

"ఇది దొంగ," అన్నాడు.

"ఏది?" అంది బగిలా.

"ఈ యంత్రం. వరసగా రెండాటల్లో అయిదేసి ఇస్పేట్లు. ఒకడికి రాణుల జత, పక్కవాడికి రాజుల జత, ఇంకొకడికి ఆసుల జత, అన్నీ ఒకే పంపకంలో. పన్నెండేళ్లు పంచాను, ఇన్ని వింతలు నేను చూళ్లేదు."

"డబ్బు లేని ఆటలో దొంగతనం ఎందుకు చేస్తుంది?"

"ఎందుకో తర్వాత తేలుతుంది. ముందు పట్టుకోవాలి."

అప్పటినుంచి బళ్లో పిల్లలు రాసే గళ్ల నోటుబుక్కుల్లో ఒక్కొక్క ఆటా రాయడం మొదలుపెట్టాడు. ఎవరికి ఏ ముక్క, బల్ల మీద ఏ ముక్క, ఎంతసేపటికి. పద్నాలుగు పుస్తకాలు నిండాయి. అసలు కడుపుమంట ఎక్కడో బగిలాకి తెలుసు. ఒక్క మధ్యాహ్నం ఆరు వింతలకి తనని తన్ని తరిమేశారు. రోజుకి అరవై వింతలు చేసే యంత్రాన్ని ఎవరూ ఏమీ అనడం లేదు. ఆ కంపెనీకి ఉత్తరం రాయిస్తే, 'మా పేక కలిపే తీరును బయటి పరీక్షకులు తనిఖీ చేశారు' అని ముద్రవేసిన కాగితం పంపారు. కెంజెతాయ్ ఆ ముద్రని వెలుతురుకి పట్టి చూశాడు.

"ముద్రలు నాకూ చూపించారు, పనిలోంచి తీసేసిన రోజు," అని కాగితాన్ని పద్నాలుగో పుస్తకంలో పెట్టేశాడు.

*

కోడలు అక్‌బోపె ఇంటికొచ్చిన పది రోజులకి గాని ఆమె ఉద్యోగం ఏమిటో అతనికి తెలియలేదు. పెళ్లిమాటల్లో 'కంప్యూటరు పని' అన్నారు. ఒక ఉదయం ఆమె వంగి దండం పెట్టి, టీ పోస్తూ ఉంటే అడిగాడు.

"ఏం చేస్తావమ్మా ఆ కంప్యూటర్లో?"

"పరీక్షలు చేస్తాను మామయ్యా. ఆన్‌లైన్లో పేక కలిపే యంత్రాలు సరిగ్గా కలుపుతున్నాయా లేదా అని. అల్మాటీలో మా లేబొరేటరీ ఉంది."

కెంజెతాయ్ కప్పు కింద పెట్టాడు. ముద్ర వేసేవాళ్లు వీళ్లేనన్నమాట. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగ తరఫు మనిషినే బాజాలతో ఇంట్లోకి తెచ్చుకున్నాం అనుకున్నాడు. ఆ పూటనుంచి నోటుబుక్కులు మంచం కిందికి పోయాయి. ఆమె గదిలోకి వస్తే ట్యాబు బోర్లా పడేది. పోసిన టీ కప్పులో సగమే ఉంటే, ఇల్లు వదిలి పొమ్మనలేదు కదా అని కాస్త శాంతించేవాడు. మా దేశంలో టీ సగం కప్పే పోస్తాం, ఉండమని దాని అర్థం. అంచుదాకా నింపితే తాగి లేవమని.

"నీకేం పోయేకాలం? పిల్ల బెదిరిపోతోంది," అని బగిలా తిట్టింది. "అడగాల్సిందేదో అడుగు."

ఆదివారం అందరి ముందూ అడిగాడు.

"మనిషైతే చేతులతో కలుపుతాడు. యంత్రం దేనితో కలుపుతుంది?"

"అంకెలతో మామయ్యా. ముందు ఎవరూ ఊహించలేని అంకె ఒకటి కావాలి. దాన్ని బట్టి యాభై రెండు ముక్కలూ వరస మారతాయి."

"ఆ అంకె ఎక్కడిది? గడియారంలోంచి తీస్తారని విన్నాను. గడియారం తెలిసినవాడికి పేకంతా తెలిసినట్టే."

అక్‌బోపె మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూసింది. "నిజమే. చాలా ఏళ్ల కిందట ఒకచోట అలాగే చేశారు. సెకనుని వెయ్యి భాగాలు చేస్తే రోజుకి ఎన్నో అన్ని వరసలే, ఎనిమిది కోట్ల పైచిలుకు. తెలివైనవాళ్లు కొందరు కూర్చుని, బల్ల మీద అయిదు ముక్కలు చూడగానే మిగతావన్నీ చెప్పేశారు."

"చూశావా," అన్నాడు కెంజెతాయ్ భార్యతో.

"ఇప్పుడు అలా కాదు. యంత్రం లోపల వేడికి సన్నటి అలజడి ఉంటుంది. అది క్షణక్షణం మారుతుంది, దాన్నెవరూ ముందు చెప్పలేరు. అందులోంచి తీస్తారు. కలపడం కూడా మీ ట్యాబులో జరగదు, వాళ్ల దగ్గర జరుగుతుంది. మీ ముక్కలు మీకే తాళం వేసి పంపుతారు."

"తాళంచెవి వాళ్ల దగ్గరే కదా?"

"అందుకే మేమున్నాం. మేం వాళ్ల మాట నమ్మం. కోట్ల ఆటలు పంచించి లెక్క చూస్తాం. నమ్మకపోవడమే మా ఉద్యోగం మామయ్యా."

ఆ మాట అతనికి నచ్చింది. బయటికి మాత్రం, "మిమ్మల్ని ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆమె నవ్వి, "మీరు," అంది. "మీ నోటుబుక్కులు ఇస్తే."

ఇవ్వడానికి వారం పట్టింది. తన కళ్లెదుట, భోజనాల బల్ల మీద కూర్చుని చూసుకోవాలని షరతు పెట్టాడు. మొదలుపెట్టేముందు పద్నాలుగూ లెక్కపెట్టేవాడు, ముగిశాక మళ్లీ లెక్కపెట్టేవాడు. ఒకసారి తెర మీద తొంగిచూసి నిప్పులు తొక్కాడు.

"ఇదేమిటి, 'పెద్దచేతుల ఆయన' అని రాశావు? నా పేరు ఎందుకు పెట్టలేదు? రేపు ఈ లెక్క నాది కాదంటావా?"

"కోడలు మామగారి పేరు రాస్తుందా, బుద్ధుందా నీకు?" అంది బగిలా వంటింట్లోంచి. "నేనూ మీ నాన్నని ముప్ఫై ఏళ్లు 'మీసాలాయన' అనే అన్నాను."

మూడు వారాలకి లెక్క తేలింది. మొదటి నాలుగు పుస్తకాలూ పనికి రావంది అక్‌బోపె. అందులో అతను వింతలనే రాశాడు, మామూలు ఆటలు వదిలేశాడు. అయిదో పుస్తకం నుంచి మాత్రం ఒక్కటీ వదలకుండా రాశాడు. ఎంతైనా పేక పంచినవాడు, ఎదురుగా ఉన్న ముక్కని లేదనలేడు.

"ఆ పదింటి ప్రకారం చూస్తే యంత్రం తిన్నగానే ఉంది మామయ్యా. జతలు ఎన్ని రావాలో అన్నే వచ్చాయి, అయిదేసి ఇస్పేట్లూ అంతే. ఒక్క పేకకి ఎన్ని వరసలో తెలుసా? ఎనిమిది పక్కన అరవై ఏడు సున్నాలు. అందులో వింతలు లేకపోతేనే అనుమానించాలి."

"నేను పన్నెండేళ్లు పంచాను," అన్నాడు కెంజెతాయ్. "అన్ని వింతలు రాలేదు. ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప. నా చేతులు అబద్ధమా?"

అక్‌బోపె లేచి వెళ్లి, కొత్త పేక ఒకటి తెచ్చింది. ముక్కలన్నీ వరసలో పేర్చి అతని ముందు పెట్టింది. "మీరు కేసినోలో ఎలా కలిపేవారో అలా కలపండి."

కెంజెతాయ్ చేతులు తుడుచుకున్నాడు. మూడుసార్లు కలిపి, ఒకసారి కోశాడు. ముప్ఫై ఆరు సెకన్లు. పదకొండేళ్ల తర్వాత కూడా ముక్కలు వేళ్ల మధ్య గలగలా పారాయి. బగిలా గరిటె పట్టుకునే నిలబడి చూసింది. అలా ఆ సాయంత్రం, ఆ తర్వాతి రెండు ఆదివారాలూ కలిపి నలభైసార్లు కలిపించింది అక్‌బోపె. ప్రతిసారీ ఏ ముక్క తర్వాత ఏ ముక్కో రాసుకుంది. కెంజెతాయ్ సంబరంగా కలిపాడు. ఇన్నాళ్లకి ఎవరో తన పనితనం చూస్తున్నారు.

తర్వాత రెండు రోజులు కోడలు మాట్లాడలేదు. టీ పోసింది, వెళ్లిపోయింది. కెంజెతాయ్‌కి అనుమానం మొదలైంది. యంత్రం గుట్టు బయటపడి ఉంటుంది, చెప్పడానికి జీతం అడ్డొచ్చింది అనుకున్నాడు. మూడోరోజు ఆమే వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతివేళ్లు నలుపుకుంటోంది.

"మామయ్యా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. నన్ను పరీక్షించడానికి కావాలని అలా కలిపారా?"

అతని మొహం నల్లబడింది. "ఎలా?"

"ముక్కలు కొన్ని... కావాలని కలిసి ఉంచారా అని."

తలుపు మూసిన ఆ గది, కిటికీ వైపు తిరిగిన ఆ వీపు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. మళ్లీ అదే ప్రశ్న, ఈసారి సొంత ఇంట్లో, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నోట. అతను లేచి నిలబడ్డాడు. చేతులు తట్టి, ముందూ వెనకా తిప్పి చూపించాడు. అది చూసి అక్‌బోపె గబగబా దగ్గరికొచ్చింది.

"లేదు లేదు, నాకు అర్థమైంది. కూర్చోండి మామయ్యా, మీకు చూపిస్తాను. పేక తీసుకోండి. ఒక ఆట అయిపోయినట్టు ముక్కలు దగ్గరికి లాగి పోగు చేయండి, నాకు కనబడేలా. ఇప్పుడు కలపండి, మీ అలవాటు ప్రకారమే."

అతను కలిపాడు. పైనుంచి నాలుగు ముక్కలు తిప్పి పరచమంది. ఆఠీను తొమ్మిది, కళావరు రెండు, డైమను జాకీ, ఇస్పేటు అయిదు.

"తర్వాత ఆఠీను రాణి," అంది.

పడింది ఆఠీను రాణే.

మళ్లీ కలిపాడు, మళ్లీ చెప్పింది. తప్పింది. మళ్లీ కలిపాడు. ఈసారి "కళావరు ఆసు" అంది, అదే పడింది. ఇరవైసార్లకి ఆరుసార్లు తగిలింది. గుడ్డిగా చెబితే ఇరవైలో ఒక్కటి తగలడమే గొప్ప.

ఆరు. కెంజెతాయ్ ఆ అంకెని నోట్లోనే అనుకున్నాడు. ఎదురుగా కోడలు కనబడలేదు, బూడిదరంగు కోటు కనబడింది.

"మూడుసార్లు కలిపితే పేక కలవదు మామయ్యా," అంది అక్‌బోపె మెల్లగా. "పాత వరసలు తునకలు తునకలుగా అలాగే ఉండిపోతాయి. ముందాటలో ఏ ముక్క పక్కన ఏది పోగుపడిందో గుర్తుపెట్టుకున్నవాడికి తర్వాతది తెలిసిపోతుంది. కనీసం ఏడుసార్లు కలపాలి. యంత్రానికి ఆ గొడవ లేదు, అందుకే దాని పంపకాలు మీకు వింతగా ఉన్నాయి. మీ కంటికి అలవాటైంది సరిగ్గా కలవని పేక. ఆ రోజు గెలిచినవాడు మిమ్మల్ని కొనలేదు, మీ పేకని చదివాడు."

అతనికి ఏడుపొచ్చింది. దొంగతనం చెయ్యలేదని తేలినందుకు కాదు, అది తనకి ముందే తెలుసు. ఈ వేళ్లని చూసుకుని ఇన్నాళ్లు బతికాడు. లోకమంతా దొంగైనా ఇవి కాదనుకున్నాడు. తీరా చూస్తే ముప్ఫై ఒక్క సెకన్ల గొప్పంతా, పక్కవాడికి పేక విప్పి చూపించిన గొప్పే. బగిలా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అతను కళ్లు తుడుచుకుని కోడలితో ఒకే మాట అన్నాడు.

"మూడు నేను పెట్టింది కాదు. నేను చేరకముందు ఏడు కలిపేవారట. గంటకి ఎక్కువ ఆటలు పడాలని మూడుకి దించింది యెర్‌దౌలెత్."

*

మర్నాడు మధ్యాహ్నం పేక చేత్తో పట్టుకుని యెర్‌దౌలెత్ ఇంటికి వెళ్లాడు. జేబులు లేవు కదా, దారిలో ఊరంతా చూసింది. తలుపు తీసిన యెర్‌దౌలెత్ ఒక్క క్షణం అలాగే నిలబడి, పక్కకి తప్పుకున్నాడు. గుమ్మంలోకి వచ్చినవాణ్ని మాలో ఎవరూ పొమ్మనలేరు. బల్ల మీద రొట్టె పెట్టి, టీ పోశాడు. అంచుదాకా నింపాడు.

కెంజెతాయ్ ఆ నిండు కప్పు చూశాడు. రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. తర్వాత పేకలో పై ముక్కలు ఇరవై తిప్పి, వరసగా చూపించి, మూసి, మూడుసార్లు కలిపి కోశాడు. నాలుగు ముక్కలు పరిచి, అయిదోది ఇదీ అన్నాడు. తప్పింది. మళ్లీ కలిపాడు, మళ్లీ తప్పింది. మూడోసారి "డైమను ఆసు" అన్నాడు. అదే పడింది. అయిదోసారి కూడా తగిలింది. ఆరోసారి కలపబోతుంటే యెర్‌దౌలెత్ చెయ్యి పేక మీద పడింది.

"చాలు."

"అర్థమైందా అన్నా?"

యెర్‌దౌలెత్ కిటికీ వైపు తిరగబోయి ఆగాడు. ముసలివాడైపోయాడు, మెడ వదులైంది. "నాకు ఎప్పుడో అర్థమైందిరా."

"ఎప్పుడు?"

"నువ్వెళ్లిన మరుసటేడు. అదే మనిషి ఇంకొకచోట దొరికాడు. ఇంకో పేక పంచేవాడి దగ్గర, అదే పద్ధతి. మేం అన్నీ మళ్లీ చూసుకున్నాం. మూడు తీసేసి ఏడు కలపమని నేనే కాగితం రాశాను."

యంత్రాన్ని అనుమానించాడు, కంపెనీని అనుమానించాడు, ముద్రల్ని, గడియారాన్ని, కన్నకూతురులాంటి కోడలిని అనుమానించాడు కెంజెతాయ్. రెండు భవనాల అవతల నిజం పదేళ్లుగా టీ తాగుతూ కూర్చుందని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మూడు ఎవడు పెట్టాడని అడిగేవాళ్లు కదా." పేక మీది చెయ్యి తీసేశాడు. "నాకు అప్పుడు ఉద్యోగం కావాలి. తర్వాత... తర్వాత నీ ముఖం చూడలేకపోయాను. అందుకే నీ బండి వైపు రాను."

"నాకూ కావాల్సింది కదన్నా, ఉద్యోగం."

యెర్‌దౌలెత్ చల్లారిన నిండు కప్పు తీసి పారబోసి, కొత్తగా పోశాడు. ఈసారి సగమే పోసి, రెండు చేతులతో అందించాడు. కెంజెతాయ్ అందుకోలేదు.

"శనివారం నా బండి దగ్గరికి రా. తాస్‌బులాత్ వాళ్లంతా ఉంటారు. నాకు చెప్పిన మాట వాళ్లకి చెప్పు."

అని లేచాడు. పేకని బల్ల మీదే వదిలేశాడు. అరచేతులు తట్టి, ముందూ వెనకా యెర్‌దౌలెత్‌కి చూపించాడు. ఈ ఇంట్లోంచి ఏమీ పట్టుకుపోవడం లేదని చూపించి, బయటికి నడిచాడు.

శనివారం పొద్దున్న వేసుకుందామని ప్యాంటు తీస్తే జేబుల కుట్లు విప్పి ఉన్నాయి.

"ఇదెవరి పని? ఇంకా ఏమీ తేలలేదు. మళ్లీ కుట్టు," అన్నాడు బగిలాతో.

"నా కళ్లు కనబడట్లేదు, నేను కుట్టలేను," అంది ఆమె, చేపల ముళ్లు ఒక్కొక్కటీ వెలుతురు లేకుండానే ఏరుతూ.

పదిగంటలైంది, పన్నెండైంది. యెర్‌దౌలెత్ రాలేదు. రాడని కెంజెతాయ్‌కి ముందే తెలుసు. మనుషుల సంగతి తనకి తెలియదా? తెరిచిన జేబుల్లో చేతులు పెట్టుకుని, తీసి, ఏం చేయాలో తెలియక మళ్లీ పెట్టుకున్నాడు. ఒకామెకి కార్పు చేప తూచి ఇచ్చాడు.

"చేతులు చూపించు కెంజె," అన్నాడు తాస్‌బులాత్ బెంచీ మీంచి.

అప్పుడే రోడ్డు దాటి వచ్చాడు యెర్‌దౌలెత్. పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకున్నాడు. ఎవరినీ పలకరించలేదు, తిన్నగా వచ్చి బండి ముందు నిలబడ్డాడు.

"అతని చేతులు శుభ్రమైనవి," అన్నాడు బెంచీ వైపు తిరిగి. గాలికి వినపడలేదేమోనని గొంతు పెంచాడు. "ఆ రోజు తప్పు నేను పెట్టిన పద్ధతిది. ఆ సంగతి పదేళ్లుగా నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు."

తాస్‌బులాత్ టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. యెర్‌దౌలెత్ మళ్లీ కెంజెతాయ్ వైపు తిరిగి, అరచేతులు రెండూ తట్టి, వేళ్లు చాచి, ముందూ వెనకా తిప్పి చూపించాడు. ముసలి వేళ్లు తిన్నగా నిలవలేదు.

కెంజెతాయ్ జేబుల్లోంచి చేతులు తీయలేదు. ముందుకు వంగి ఆ అరచేతులు చూశాడు, వాటి వెనక వైపు చూశాడు. కెమెరా ఎంతసేపు చూస్తుందో అంతసేపు చూశాడు.

"ఇంకోసారి చూపించన్నా," అన్నాడు.

యెర్‌దౌలెత్ ఇంకోసారి చూపించాడు.